పాస్టరుగారు రాసిన పాత దేవుళ్ళ కథ: ఐన్ కల్ముస్

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే రచయిత పేరు మీలో చాలామంది విని ఉండరు. ఐన్ కల్ముస్. అది కలంపేరు. అసలు పేరు ఏవాల్డ్ మ్యాండ్. 1906లో, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఎస్టోనియా దేశంలోని హియుమా దీవిలో పుట్టారు, 2001లో అమెరికాలో కన్నుమూశారు. చేసిన పని పాస్టరు పని. బాప్టిస్టు సంఘ కాపరి. ఆ పనితోపాటు తన భాషలో వరసగా నవలలు రాశారు. సొంత దేశం సోవియట్ పాలనలో ఉన్న ఆ సుమారు యాభై ఏళ్ళూ ఆయన ప్రవాసంలోనే గడిపారు.

ఆయన పుస్తకాల్లో బాగా పేరున్నది 1956లో వచ్చిన 'యుమలద్ లహ్కువద్ మాల్ట్'. తెలుగులో చెప్పుకుంటే 'దేవుళ్ళు దేశం విడిచి వెళ్తున్నారు'. వెళ్ళిపోతున్న ఆ దేవుళ్ళు ఎవరంటే, క్రైస్తవం రాకముందు ఎస్టోనియన్లు కొలిచిన దేవుళ్ళు. చెట్ల దగ్గర, నీటి ఊటల దగ్గర ఉన్న దేవుళ్ళు. వాళ్ళని తరిమింది కత్తి పట్టుకుని వచ్చిన క్రైస్తవ సైన్యం. ఇప్పుడు అడగండి: ఆదివారం ఆదివారం బైబిలు పట్టుకుని ప్రసంగం చేసే ఒక పాస్టరుగారు ఆ ఓడిపోయిన దేవుళ్ళ వైపు నిలబడి నవల ఎందుకు రాశారు? ఈ పూట నా మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న గురించే. జవాబు ఆయన బాప్టిస్టు కావడంలోనే ఉందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

ముందు ఆ దీవి సంగతి. ఎస్టోనియా మొత్తం జనాభా పదమూడు లక్షల చిల్లర, మన విశాఖపట్నం నగరం కన్నా తక్కువ. అందులో హియుమా రెండో పెద్ద దీవి. దాదాపు 1000 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. రాతినేల, పొదలు, పైన్ అడవి. సేద్యం అంతంత మాత్రం, కాబట్టి మగవాళ్ళు ఓడలెక్కేవాళ్ళు. పడమటి వైపు కోపు అనే చోట ఒక లైట్‌హౌస్ ఉంది. 16వ శతాబ్దంలో కట్టింది, ఇప్పటికీ వెలుగుతోంది. ప్రపంచంలో ఇంకా పనిచేస్తున్న అతి పాత లైట్‌హౌసుల్లో అది ఒకటి.

ఆ దీవిలోనే శిలువల గుట్ట అని ఒకటుంది. 1781లో ఆ దీవి స్వీడిష్ రైతులు ఓ వెయ్యి మందికి పైగా ఊళ్ళు ఖాళీ చేసి దక్షిణాన ఉక్రెయిన్ స్టెప్పీ దాకా నడవాల్సి వచ్చింది. పొమ్మన్నది జమీందారు, దక్షిణాన ఉండమన్నది రష్యా మహారాణి కేథరిన్. దారిలోనే ఎంతోమంది పోయారు. బయల్దేరే ముందు వాళ్ళు ఆఖరి ప్రార్థన చేసుకున్నది ఆ గుట్ట దగ్గరేనని చెప్తారు. ఇవాళ్టికీ అక్కడికి మొదటిసారి వెళ్ళినవాళ్ళు అక్కడ దొరికే పుల్లలు, గడ్డి, రాళ్ళతో చిన్న శిలువ ఒకటి చేసి పెట్టి వస్తారు. మేకు వాడకూడదు, బయటి నుంచి ఏమీ తేకూడదు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఉన్న ఊరిని వదిలి పోవడం అనే అనుభవం ఆ దీవి నేలకు కొత్త కాదు. కల్ముస్ పుట్టకముందే అది అక్కడ ఉంది.

ఇక మతం సంగతి. ఎస్టోనియాలో రైతు మనిషి ఎస్టోనియన్, దొర జర్మన్. 13వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన జర్మన్ల వారసులు ఏడు వందల ఏళ్ళు అక్కడ భూస్వాములుగా ఉన్నారు. పైన రాజు మారాడు. డేన్లు (అంటే డెన్మార్క్ వాళ్ళు), పోలండు వాళ్ళు, స్వీడన్, ఆ తరవాత రష్యా. దొర మాత్రం మారలేదు. లూథరన్ చర్చి దొరల చేతిలో ఉండేది, పాస్టరు ఎక్కువ చోట్ల జర్మనే. 1816, 1819 సంవత్సరాల్లో వెట్టి బానిసత్వం రద్దయినా భూమి చేతికి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. బిడ్డ పుడితే ఆ చర్చిలో నీళ్ళు చల్లించి పేరు రాయించాలి. అడిగేవాడు లేడు, కాదనేవాడూ లేడు.

అలాంటి చోటికి 1870లలో స్వీడన్ నుంచి కొందరు మిషనరీలు పడమటి తీరానికి వచ్చారు. చేపలు పట్టే ఊళ్ళలో బడులు పెట్టి, ఇళ్ళల్లో ప్రార్థనలు నడిపారు. ఆ కదలిక నుంచే 1884 చలికాలంలో, హాప్సలు అనే తీరపట్నంలో, మొదటి ఎస్టోనియన్ బాప్టిస్టులు బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన జర్మన్ బాప్టిస్టు పాస్టరు ఆడమ్ రైన్‌హోల్డ్ షీవె. ఫిబ్రవరిలో ఆ దేశంలో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. ఆ చలిలో నిండా మునిగి లేచారు వాళ్ళు. ఎవరూ రమ్మని బలవంతం చేయలేదు. పైపెచ్చు ఊరు నవ్వింది, చర్చి కోప్పడింది. అయినా దిగారు.

బాప్టిస్టుల నమ్మకానికి ఆయువుపట్టు ఇక్కడుంది. పసిపిల్లలకు బాప్తిస్మం చెల్లదు. ఎందుకంటే పసిబిడ్డ ఒప్పుకోలేడు. మనిషి పెద్దవాడై, తనకు తానుగా నమ్మి, తన నోటితో ఒప్పుకుని నీళ్ళలోకి దిగాలి. రాజు ఆజ్ఞతోనో, తండ్రి ఆజ్ఞతోనో, కత్తి భయంతోనో, ఆకలితోనో దిగితే అది బాప్తిస్మం కాదు. నాలుగు వందల ఏళ్ళుగా బాప్టిస్టులు దెబ్బలు తిన్నదీ, జైళ్ళకు వెళ్ళిందీ ఈ ఒక్క మాట కోసమే.

మన జిల్లాల వాళ్ళకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరు ఇక్కడ ముసలివాళ్ళ నోట ఇంకా వినిపిస్తుంది. 1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించారు. ఆ కరువు రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని వస్తే ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు తీరేదాకా ఆపారు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ అంకెకి ముందు ఆయన వద్దన్న నెలలే పెద్ద సంగతిగా కనిపిస్తాయి. నీళ్ళు దగ్గరే ఉన్నాయి, జనం దగ్గరే ఉన్నారు, అయినా ఆగారు. తెలుగు బాప్టిస్టులూ ఎస్టోనియా బాప్టిస్టులూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు, కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళు ఒకే ఇంటివాళ్ళు.

సరే, మళ్ళీ బాల్టిక్ తీరానికి వెళ్దాం. ఈసారి 13వ శతాబ్దానికి.

1201లో బిషప్ ఆల్బెర్ట్ రీగా నగరాన్ని (ఇప్పటి లాత్వియా రాజధాని) కట్టాడు. అక్కడి నుంచి కత్తి సోదరులు అనే సైనిక సన్యాసుల దళం ఉత్తరానికి దండెత్తింది. 1208 నుంచి 1227 దాకా, ఇంచుమించు ఇరవై ఏళ్ళు, ఎస్టోనియన్ల మీద యుద్ధం. 1217 సెప్టెంబరులో వాళ్ళ నాయకుడు లెంబితు యుద్ధంలో చనిపోయాడు. 1219లో ఉత్తరాన డేన్లు దిగారు. ఈ మొత్తం సంగతులు మనకు తెలిసింది ముఖ్యంగా ఒకే ఒక పుస్తకం వల్ల. హెన్రీ అనే పూజారి లాటిన్‌లో రాసిన వృత్తాంతం అది. ఆయన గెలిచిన వైపు మనిషి. తనే ఊరూరా తిరిగి బాప్తిస్మాలు ఇచ్చినవాడు. ఓడినవాళ్ళ వైపు నుంచి ఒక్క కాగితం కూడా మిగల్లేదు. ఆ కాలం గురించి ఎస్టోనియన్ భాషలో నవల రాయదలచినవాడెవడైనా ఈ శత్రువు పుస్తకంలోంచే తన తాతముత్తాతల గొంతు వెతుక్కోవాలి.

ఆ పుస్తకంలో కొన్ని చోట్లు చదువుతుంటే ఊపిరాడదు. నాలుగు సంగతులు చెప్తాను.

ఒకటి. జర్మన్లూ డేన్లూ ఇద్దరూ బాప్తిస్మం ఇవ్వడంలో పోటీ పడ్డారు. ఎవరు ముందు నీళ్ళు చల్లితే ఆ ఊరు, ఆ పన్నులు వాళ్ళవి. డేన్లకు అన్ని ఊళ్ళకీ వెళ్ళే తీరిక లేక, రైతుల చేతికే పవిత్ర జలం ఇచ్చి ఆడవాళ్ళ మీద పిల్లల మీద చల్లి రమ్మన్నారు. తాబెలిన్ అనే పెద్దమనిషి రీగా వాళ్ళ చేతిలో బాప్తిస్మం తీసుకున్నాడని, కొడుకుని వాళ్ళ దగ్గర తాకట్టు ఉంచాడని, డేన్లు అతన్ని ఉరి తీశారు. క్రైస్తవుడు అయినందుకు క్రైస్తవులే ఉరి వేశారు. ఎందుకంటే తప్పు గుంపులో చేరాడట!

రెండు. 1220 ప్రాంతంలో విరుమా అనే చోట ఒక కొండ, దాని మీద అందమైన అడవి. సారెమా దీవి వాళ్ళ పెద్ద దేవుడు తారాపిత అక్కడే పుట్టి, అక్కడి నుంచి ఎగిరి దీవికి వెళ్ళాడని స్థానికుల నమ్మకం. పూజారి ఒకడు వెళ్ళి అక్కడున్న దేవతామూర్తుల్ని గొడ్డలితో నరికేశాడు. చుట్టూ నిలబడ్డ జనం, నరికిన చోట నెత్తురు రాలేదేమిటా అని ఆశ్చర్యపోయారట. ఈ వాక్యాన్ని హెన్రీ తన వైపు విజయంగా రాసుకున్నాడు. కానీ ఆ జనం మొహాలు తలుచుకోండి. నెత్తురు వస్తుందని ఎదురుచూశారు వాళ్ళు. దేవుడికి నొప్పి పుడుతుందని అనుకున్నారు.

మూడు. 1223లో ఎస్టోనియన్లు తిరగబడ్డారు. తిరగబడగానే వాళ్ళు చేసిన పని ఏమిటో తెలుసా? ఒళ్ళు కడుక్కున్నారు. ఇళ్ళు నీళ్ళు పోసి చీపుళ్ళతో కడిగారు. బాప్తిస్మం అంటింది, దాన్ని వదిలించుకోవాలని. చర్చి పెరట్లో పాతిపెట్టిన తమ వాళ్ళని తవ్వి తీసి, పాత పద్ధతిలో దహనం చేశారు. నీళ్ళతో వేసిన ముద్రని నీళ్ళతోనే తుడిచేసుకున్నారు.

నాలుగు. 1227 జనవరిలో సముద్రం గడ్డకట్టింది. ఆ మంచు మీదుగా పెద్ద సైన్యం సారెమా దీవికి నడిచి వెళ్ళింది. ముహు కోటలో అందర్నీ చంపారు. ఆ వార్త విని వల్యాల కోట లొంగిపోయింది. కోట మధ్యలో ఉన్న ఊటని దీవించి, పీపా ఒకటి నింపి, ముందు పెద్దల్ని, తరవాత ఆడవాళ్ళని, పిల్లల్ని వరసగా నిలబెట్టి బాప్తిస్మం ఇచ్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చి ఇచ్చి పూజారులు అలసిపోయారని హెన్రీ రాశాడు. అక్కడితో ఆ దేశంలో పాత మతం కథ ముగిసిందని అతని ఉద్దేశం.

ఇప్పుడు ఈ నాలుగు దృశ్యాల్నీ ఒక బాప్టిస్టు పాస్టరు కళ్ళతో చూడండి. వేరే క్రైస్తవుడైతే, పద్ధతి కటువుగా ఉన్నా ఫలితం మంచిదే కదా అని సర్దుకోవచ్చు. బాప్టిస్టు అలా సర్దుకోలేడు. అతని లెక్కలో ఆ పీపా నీళ్ళు బాప్తిస్మమే కాదు. అది మతం పేరున జరిగిన దౌర్జన్యం. తన మతం పేరునే జరిగింది కాబట్టి ఇంకా బాధ. కల్ముస్ పాత దేవుళ్ళ మీద జాలితో విశ్వాసం వదులుకున్నాడని అనుకోవడం పొరపాటు. ఆయన విశ్వాసమే ఆయన్ని ఆ ఓడిన మనుషుల పక్కన నిలబెట్టింది. నేను ఆయన్ని చదివే పద్ధతి ఇది. ఇంకొకరు ఇంకోలా చదవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నవల 1956లో వచ్చింది. ప్రవాసంలో ఉన్న ఎస్టోనియన్ పాఠకుడు 1227 గురించి చదువుతున్నా అతని మనసులో మెదిలేది 1940. ఎందుకో చెప్పాలి.

1940 జూన్‌లో సోవియట్ సైన్యం ఎస్టోనియాను ఆక్రమించింది. 1941 జూన్ 14 రాత్రి ఇళ్ళ తలుపులు తట్టి దాదాపు పదివేల మందిని రైలు పెట్టెల్లో సైబీరియా వైపు పంపారు. మగవాళ్ళని వేరు చేసి శిబిరాలకు పంపారు, వాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ఆ తరవాత మూడేళ్ళు జర్మన్ ఆక్రమణ. 1944 శరదృతువులో ఎర్రసైన్యం మళ్ళీ వస్తోందని తెలియగానే డెబ్బై, ఎనభై వేల మంది దేశం వదిలారు. కొందరు జర్మనీకి, కొందరు పడమటి తీరం నుంచి, దీవుల నుంచి పడవల్లో స్వీడన్‌కి. సెప్టెంబరు 22న రాజధాని తాలిన్ పడిపోయింది. అక్టోబరు మొదట్లో హియుమా కూడా చేజారింది. చేపల పడవల్లో కిక్కిరిసి ఎక్కినవాళ్ళలో ఎంతోమంది తుపాన్లలో మునిగిపోయారు. అలా స్వీడన్ చేరిన రచయితలే ఒక చిన్న సాహిత్య సభకు సరిపోతారు: మరీ ఉండెర్, గుస్తావ్ సూయిట్స్, ఔగుస్త్ గైలిత్, ఔగుస్త్ మాల్క్, కార్ల్ రిస్తికివి. ఏవాల్డ్ మ్యాండ్ కూడా ఆ ఏడాది స్వీడన్ చేరినవారిలో ఒకరు.

స్వీడన్‌లో ప్రాణం దక్కింది, కానీ టెన్షన్ పోలేదు. 1946 జనవరిలో స్వీడన్ ప్రభుత్వం తన దగ్గరున్న బాల్టిక్ సైనికుల్ని 146 మందిని సోవియట్లకు అప్పగించింది. వాళ్ళలో ఎక్కువమంది లాత్వియన్లు, ఏడుగురు ఎస్టోనియన్లు. రేపు మన వంతేమో అని శరణార్థులకు నిద్రపట్టలేదు. చాలామంది అట్లాంటిక్ దాటే దారులు వెతుక్కున్నారు. పాత చేపల పడవలు కొనుక్కుని సముద్రం మీదకు బయల్దేరినవాళ్ళూ ఉన్నారు. మ్యాండ్ కూడా అమెరికా చేరి, మిగిలిన జీవితమంతా అక్కడే గడిపారు.

అమెరికాలో పాస్టరు పని చేస్తూ, తన దేశంలో అచ్చు కావడానికి వీల్లేని భాషలో నవలలు రాయడమంటే ఏమిటో ఆలోచించండి. ఆయన పాఠకులు కొన్ని వేల మంది. ఒకరు స్టాక్‌హోంలో, ఇంకొకరు టొరంటోలో, ఇంకొకరు సిడ్నీలో. ఫ్యాక్టరీల్లో పని చేస్తూ, కొత్త భాషలు నేర్చుకుంటూ ఉన్నవాళ్ళు. అయినా ఆ కొద్దిమందీ కలిసి ఒక సాహిత్యాన్ని నిలబెట్టారు. స్వీడన్‌లోని లుండ్ పట్నంలో 1950ల మొదట్లో కవి బెర్నార్డ్ కాంగ్రో చొరవతో ఎస్టోనియన్ రచయితల సహకార సంఘం మొదలైంది. ముందుగా చందా కట్టిన పాఠకులకు పోస్టులో పుస్తకం వెళ్తుంది, ఆ డబ్బుతో తరవాతి పుస్తకం అచ్చవుతుంది. పెద్ద ప్రచురణ సంస్థా లేదు, ప్రభుత్వమూ లేదు. అదే పట్నం నుంచి 'తులిముల్ద్' అనే పత్రిక నలభై ఏళ్ళకు పైగా వచ్చింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళు పత్రికలు నడపడం మనం చూస్తున్నాం, కానీ వాళ్ళకి ఇక్కడ వెనకాల ఒక దేశం ఉంది. ఆ లుండ్ వాళ్ళకి వెనక్కి చూస్తే మూసేసిన సరిహద్దు ఉంది. ఈ తేడా చిన్నది కాదు.

కల్ముస్ చేయి ఆగలేదు. బైబిల్ లోకం మీద రాసిన నవలలు ఒక వైపు, పాత ఎస్టోనియా మీద రాసిన నవలలు ఒక వైపు. 1950లో 'ప్రవక్త'. 1956లో 'దేవుళ్ళు దేశం విడిచి వెళ్తున్నారు'. 1958లో 'టోనె టూలెద్ ఊలె మా', అంటే నేల మీద వీచే మృత్యువు గాలులు. 1964లో 'సందె పడకముందే ఇంటికి'. 1969లో 'యూదా'. పాస్టరైన మనిషి యేసును అప్పగించిన శిష్యుడి మీద నవల రాయడం కూడా నాకు అదే స్వభావంలో భాగంగా కనిపిస్తుంది. అందరూ ఒక్క మాటతో కొట్టిపారేసిన మనిషి దగ్గర ఆగి, అతని లోపల ఏముందో అడగడం. పల్పిట్ మీద నిలబడినవాడికి ఇది తేలిక కాదు. ఆదివారం ప్రసంగంలో తీర్పు చెప్పాలి, నవలలో తీర్పు ఆపుకోవాలి. ఆ రెండు పనులూ ఒకే మనిషి అన్నేళ్ళు చేశాడు.

ఈలోగా స్వదేశంలో ఏం జరుగుతోంది? 1949 మార్చిలో ఇంకో ఇరవై వేల మందికి పైగా సైబీరియాకు తరలించారు, ఎక్కువ మంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. బాప్టిస్టుల్ని, పెంతెకొస్తు వాళ్ళని, ఇతర స్వేచ్ఛా సంఘాల్ని ప్రభుత్వం ఒకే సంస్థ కిందకి తోసింది. తాలిన్‌లో వేర్వేరు ప్రార్థనాలయాలు తీసేసుకుని, ఎనిమిది సంఘాల్ని కలిపి 1950లో ఓలెవిస్తె అనే పాత మధ్యయుగపు చర్చిని ఇచ్చారు. 120 మీటర్లు దాటిన శిఖరం ఉన్న చర్చి అది. ఎవరికి వారు విడివిడిగా నమ్ముకునే మనుషుల్ని అధికారం ఒక కప్పు కిందకి తరిమింది. చిత్రం ఏమిటంటే ఆ కప్పు కిందే వాళ్ళు విశ్వాసం చెక్కుచెదరకుండా నిలుపుకున్నారు. ఓలెవిస్తె తరవాతి దశాబ్దాల్లో సోవియట్ యూనియన్ నలుమూలల నుంచీ విశ్వాసులు వచ్చే చోటు అయింది.

ప్రవాస రచయితల పుస్తకాల సంగతి వేరు. అవి గ్రంథాలయాల్లో ప్రత్యేక గదుల్లో తాళం కింద ఉండేవి. అనుమతి పత్రం లేనిదే ఎవరూ ముట్టుకోకూడదు. స్వీడన్ నుంచి ఎవరైనా బంధువు దొంగచాటుగా తెస్తే, అది చేతులు మారుతూ అట్టలు ఊడేదాకా తిరిగేది. 1991 ఆగస్టు 20న ఎస్టోనియా మళ్ళీ స్వతంత్ర దేశమైంది. అప్పటికి కల్ముస్‌కి ఎనభై అయిదేళ్ళు. ఆయన తరం ప్రవాస రచయితల్లో చాలామందికి ఆ రోజు చూసే భాగ్యం కలగలేదు. రిస్తికివి 1977లో పోయాడు, మరీ ఉండెర్ 1980లో పోయింది. కల్ముస్ ఇంకో పదేళ్ళు బతికి, తన పుస్తకాలు సొంత గడ్డ మీద అచ్చు కావడం చూశారు.

ఒక్క విన్నపంతో ఆపేస్తాను. తెలుగులో మతం మార్పిడి మీద చర్చ జరిగినప్పుడల్లా రెండే గొంతులు వినిపిస్తాయి. ఒకటి పొగిడేది, ఇంకొకటి తిట్టేది. విశ్వాసం ఉండి కూడా, తన విశ్వాసం పేరున జరిగిన బలవంతాన్ని పూర్తిగా ఒప్పుకుని, ఓడినవాళ్ళ పక్షాన మూడు నాలుగు వందల పేజీలు కూర్చుని రాసిన మనిషి గొంతు మనకి చాలా అవసరం. ఈ సభలో అనువాదకులు ఉన్నారు, చిన్న పత్రికలు నడిపేవాళ్ళు ఉన్నారు. ఎస్టోనియన్ చదివే మిత్రులు మనవాళ్ళలో ఎవరైనా ఉంటే, తాలిన్‌లోనో తార్తులోనో చదువుకుంటున్న పిల్లలు తెలిసినవాళ్ళు ఉంటే, నాకు చెప్పండి. ముందు ఒక్క అధ్యాయంతో మొదలుపెడదాం. పని పంచుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. ఇక మీ ప్రశ్నలు అడగండి.